గొడుగు (డిష్) కనెక్షన్ ఏడాది నిండకుండా ఆపేస్తే 1,500 కట్టమంటున్నారు, దారేదైనా ఉందా?

ఎంవీపీ_మాస్టారు
ఉగాదికి పండగ ఆఫర్ అంటే డీటీహెచ్ కనెక్షన్ తీసుకున్నాను. 12 నెలలకు ఒకేసారి 4,200 కట్టాను. సెటాప్ బాక్స్, గొడుగు, బిగింపు అన్నీ ఫ్రీ అన్నాడు షాపతను. శ్రావణంలో యెండాడ దగ్గర సొంత ఫ్లాట్‌లోకి వచ్చేశాం. ఇక్కడ అసోసియేషన్ వాళ్ళు బాల్కనీలో గొడుగు పెట్టనివ్వరు, టెర్రస్‌కి తాళం. బిల్డరే ఫైబర్ లైన్ వేయించాడు, టీవీ కూడా అందులోనే వస్తుంది. పాతది ఆపేద్దామని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "5 నెలలే అయింది సార్, మీకు 12 నెలల లాకిన్ ఉంది, ముందే ఆపితే 1,500 రద్దు చార్జీ" అంది. మరి మిగతా 7 నెలల డబ్బు? నెలకి 350 చొప్పున 2,450 మిగిలింది, అందులో 1,500 పోతే 950. అదీ వాలెట్‌లో వేస్తారట! కనెక్షనే లేనివాడికి వాలెట్ ఎందుకమ్మా అంటే, "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అంది. షాపులో లాకిన్ అనే మాటే ఎవరూ ఎత్తలేదు. ఎవరికైనా ఇలా అయిందా? కంపెనీ పేరు రాయను, ఇంకా డబ్బు రావాలి కదా.

గాజువాక_గిరి
వదిలెయ్యండి మాస్టారూ. ప్రీపెయిడ్ కదా, ఇంటికొచ్చి పట్టుకుపోతారా ఏంటి. నేను రెండు కనెక్షన్లు అలాగే వదిలేశాను. రీచార్జ్ ఆపితే అదే చచ్చిపోతుంది.

ఎంవీపీ_మాస్టారు
నెలనెలా కట్టేవాళ్ళకి అది సరే గిరి గారూ. నా 4,200 ముందే వాళ్ళ జేబులో ఉంది. వదిలేస్తే మునిగేది నేనే.

కంచరపాలెం_చిన్నోడు
ఏటండీ మాస్టారూ, పిల్లలకి బారువడ్డీ నేర్పినోరు మీరే చిక్కడిపోతే మా గతేటి 😄

డిష్_రాజు
నేను పదిహేనేళ్ళుగా గొడుగులు బిగిస్తున్నాను, అన్ని కంపెనీలవీ. ముందు మీరు బిల్లు తీయండి. గొడవంతా ఆ బాక్స్ ఎవరిదన్న దగ్గరే ఉంటుంది. బాక్స్ మీరు కొనుక్కున్నట్టు బిల్లుంటే అది మీ ఫ్రిజ్‌తో సమానం, కనెక్షన్ ఆపినా వాళ్ళకి దాంతో పని లేదు. అద్దెకిచ్చినట్టు ఉంటే తిరిగి ఇచ్చెయ్యాలి, డిపాజిట్ కట్టుంటే అది వెనక్కి రావాలి. మూడోది "స్కీమ్". ఇన్నాళ్ళు ఉంటేనే బాక్స్ ఫ్రీ, లేకపోతే దాని ఖరీదు కట్టాలి అని షరతు పెడతారు. మీకు చెబుతున్న 1,500 ఆ మూడో రకం లెక్కలా ఉంది. దానికి రద్దు చార్జీ అని పేరు పెట్టారు గానీ అసలు అది బాక్స్ డబ్బులు. షాపుల్లో "ఫ్రీ" అంటే సగం సార్లు "ప్రస్తుతానికి ఫ్రీ" అని అర్థం. నేనూ ఆ మాట అనే ఉంటాను, అబద్ధం ఎందుకు.

బాక్స్ వెనక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద సీరియల్ నంబరూ, వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరూ ఫోటో తీసి పెట్టుకోండి. రిమోట్, అడాప్టర్ పారెయ్యకండి. తిరిగిచ్చేటప్పుడు అడాప్టర్ లేదని 300 కోసినవాళ్ళని చూశాను.

లాసన్స్‌బే_లక్ష్మి
రాజు గారూ, గొడుగు మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మాది బీచ్‌కి రెండు వీధుల అవతల. ఏడాదిన్నరకే గొడుగు ఉప్పుగాలికి తుప్పుపట్టి జల్లెడైపోయింది. కొత్తది వేస్తే మళ్ళీ ఏడాది ఉండాలి అన్నారు. నిజంగా అలా ఉంటుందా?

డిష్_రాజు
ఉంటుందమ్మా. గొడుగు ఒక్కటే మారిస్తే సాధారణంగా ఉండదు గానీ "హెచ్‌డీ బాక్స్ ఫ్రీగా ఇస్తాం" అంటే మాత్రం లెక్క మళ్ళీ మొదటి రోజుకి పోతుంది. ఎవరేం ఫ్రీ ఇచ్చినా ముందు "ఇది తీసుకుంటే లాకిన్ మళ్ళీ మొదలవుతుందా" అని అడగండి, జవాబు మెసేజ్‌లో పెట్టమనండి. బీచ్ వైపు అయితే గాల్వనైజ్డ్ స్టాండ్ వేయించుకోండి, నట్లకి గ్రీజు పూయమనండి.

కంచరపాలెం_చిన్నోడు
హుద్‌హుద్‌లో మా గొడుగు ఎగిరిపోయి పక్కింటోళ్ళ కొబ్బరిచెట్టు మొవ్వలో కూకుంది. 2014 అక్టోబరు 12 అది, మర్చిపోలేం. కస్టమర్ కేర్‌కి చేస్తే "సిగ్నల్ లేకపోవడానికి కారణం మేఘాలు కావచ్చు సార్" అన్నాడు. గొడుగు లేదు బాబూ అన్నా. "ఒకసారి రీస్టార్ట్ చేయండి" అన్నాడు. చెట్టుని రీస్టార్ట్ చెయ్యాలేటి?

అక్కయ్యపాలెం_అల్లుడు
నా అనుభవం చెబుతా, ఎవరూ పాటించకండి. కనెక్షన్ మా మావయ్య పేరు మీద ఉండేది. ఎంత అడిగినా రద్దు చెయ్యడం లేదని విసిగిపోయి, "ఆయన పోయారండీ" అని చెప్పేశా. పాపం వెంటనే ఒప్పుకున్నారు. రెండు రోజులకి "మీ కుటుంబానికి మా సానుభూతి, ధ్రువపత్రం పంపండి" అని చెప్పడానికి రిజిస్టర్డ్ నంబరుకి ఫోన్ చేశారు. ఎత్తింది మావయ్య. ఆ ఏడాది సంక్రాంతికి నన్ను పిలవలేదు.

గాజువాక_గిరి
😂😂 కనెక్షన్ పోయిందా లేదా అది చెప్పండి ముందు

అక్కయ్యపాలెం_అల్లుడు
లేదు. మావయ్య రెండేళ్ళకి రీచార్జ్ చేసుకున్నారు.

సీతమ్మధార_సీత
అందరూ కంపెనీనే తిడుతున్నారు గానీ ఒక మాట. నెలకి 350 అన్నది ఏడాది ఉంటారని ఇచ్చిన ధర. విడిగా నెలనెలా కట్టేవాళ్ళకి ఆ ప్యాక్ ఎంత? నాకు తెలిసి 400 దాకా ఉండాలి. 5 నెలలే వాడి వెళ్ళిపోతే ఏడాది తగ్గింపు నాకే కావాలనడం న్యాయం కాదు. ఆ తేడా వాళ్ళు పట్టుకుంటే నేను తప్పనను. నేను ఆడిట్‌లో పనిచేస్తాను, ఇలాంటి లెక్కలే రోజూ చూస్తాను. తేడా వేరు, జరిమానా వేరు. మీ దగ్గర రెండూ అడుగుతున్నారా, ఒకటే అడుగుతున్నారా?

ఎంవీపీ_మాస్టారు
సీత గారూ మంచి ప్రశ్న. నెలవారీ ధర 400, ఇప్పుడే చూశాను. వాళ్ళు ఆ లెక్క వెయ్యలేదు, 1,500 అని గుండుగుత్తగా చెప్పారు.

సీతమ్మధార_సీత
అయితే చూడండి. 5 నెలలు 400 చొప్పున 2,000. 4,200లో అది పోతే 2,200 రావాలి. వాళ్ళిస్తామంటున్నది 950. మీరడుగుతున్నది 2,450. నా మటుకు 2,200 దగ్గర తెగితే ఇద్దరికీ మర్యాద.

గాజువాక_గిరి
సీతమ్మ గారు కంపెనీ తరఫు లాయరులా ఉన్నారే. 250 ఎందుకు వదలాలి? గొడుగు పెట్టనివ్వనిది అసోసియేషన్, మాస్టారు తప్పేంటి?

సీతమ్మధార_సీత
కంపెనీ తప్పేంటి మరి? వాళ్ళు చెప్పారా యెండాడలో ఫ్లాట్ కొనమని?

నేవీ_ఇల్లాలు
మాకు రెండు మూడేళ్ళకోసారి బదిలీ. కొచ్చి, ముంబై, మళ్ళీ వైజాగ్. ఒక్కసారి కూడా రద్దు చార్జీ కట్టలేదు. రహస్యమేం లేదు, మేం రద్దు చెయ్యం, అడ్రస్ మారుస్తాం. గొడుగు దేశంలో ఎక్కడైనా ఒకటే, బాక్స్ సంచిలో పెట్టుకుపోవడమే. కొత్త ఊళ్ళో బిగింపు డబ్బు మాత్రం మనదే. ఇంకోటి, క్వార్టర్ దొరికేదాకా ఒకట్రెండు నెలలు టీవీ అక్కర్లేదంటే తాత్కాలికంగా ఆపమని అడగొచ్చు. 15 రోజుల ముందు చెప్పాలి. ఆపిన నెలలకి చందా తీసుకోకూడదు, బాక్స్ అద్దె ఉంటే అది మాత్రం పడుతుంది. ఇది టీవీ, ఫోన్ కంపెనీలని నియంత్రించే ట్రాయ్ 2017లో పెట్టిన సేవా ప్రమాణాల నియమాల్లోనే ఉంది. కస్టమర్ కేర్ వాళ్ళు అంతట వాళ్ళు చెప్పరు, పేరు పెట్టి అడగాలి.

డాలస్_బాబాయి
మద్దిలపాలెంలో పుట్టి ఇక్కడ తేలాను, నా గోడు కూడా వినండి. మీది 1,500 రూపాయలు. ఇక్కడ శాటిలైట్ టీవీకి 24 నెలల ఒప్పందం, మధ్యలో మానేస్తే మిగిలిన ప్రతి నెలకీ 20 డాలర్లు. మొదటి నెలలోనే మానేస్తే దాదాపు 480 డాలర్లు! నేను 14 నెలలకి ఆపాను, అంటే 200. పైగా ప్రీపెయిడ్ కాదు, కార్డు నంబరు వాళ్ళ దగ్గరే ఉంటుంది, చెప్పకుండా లాగేస్తారు. గిరి గారి "వదిలెయ్యండి" మంత్రం ఇక్కడ పనిచెయ్యదు, బాకీ వసూలు వాళ్ళకి అప్పగిస్తే క్రెడిట్ స్కోరు పోతుంది. రాజు గారు చెప్పిన బాక్స్ కిటుకు ఇక్కడా అంతే. పాత బాక్స్ పాడైందని కొత్తది ఇచ్చినట్టే ఇచ్చి ఇంకో 24 నెలలు కట్టేశారు మా తమ్ముడిని.

నేవీ వాళ్ళ మాటొచ్చింది కాబట్టి, ఇక్కడ సైన్యంలో ఉన్నవాళ్ళకి 90 రోజులకి తగ్గకుండా వేరే చోటికి ఆర్డరొచ్చి, అక్కడ ఆ సర్వీసు వాడుకోలేకపోతే జరిమానా లేకుండా ఆపుకునే చట్టముంది. టీవీని కూడా 2018లో అందులో చేర్చారు.

నేవీ_ఇల్లాలు
వినడానికి బావుంది బాబాయి గారూ. మాకు సంచే చట్టం.

గోపాలపట్నం_గోపి
ఎవరూ అనలేదు, ఆటోపే చూసుకోండి. నేను కనెక్షన్ ఆపేసి గొడుగు కూడా పాత ఇనుముకి వేసేశాను. దానితోపాటు అంటగట్టిన ఓటీటీ ప్యాక్‌కి యూపీఐలో ఆటోపే ఉండిపోయింది. మూడు నెలలు నెలకి 199 పోతూనే ఉంది. ఎవడు లాగుతున్నాడో అర్థం కాక మా ఆవిడ మీద అనుమానపడ్డాను. ఆమె నా మీద. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తీసి మనమే రద్దు చేసుకోవచ్చు, కంపెనీని అడగక్కర్లేదు.

ఆరిలోవ_ఆది
ఇంత రచ్చ ఎందుకు, ట్రాయ్‌కి ఒక మెయిల్ కొట్టండి. నెలవారీ నెట్‌వర్క్ చార్జీకి 130 రూపాయల హద్దు పెట్టింది వాళ్ళేగా, ఇదీ చూస్తారు.

నల్లకోటు
ఆది గారూ, రెండు సవరణలు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకుని తీర్పు చెప్పదు. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, తేలకపోతే అదే కంపెనీలో పై మెట్టు ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి వెళ్ళాలి. రెండోది, 130 హద్దు ఇప్పుడు లేదు. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు 100 చానళ్ళకి 130 ప్లస్ జీఎస్టీ, 2020 నుంచి అదే 130కి 200 చానళ్ళు అన్నారు. 2024 జూలైలో ఆ హద్దే ఎత్తేసి కంపెనీలకే వదిలేశారు.

మాస్టారి విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో జరిమానా అంకె రాసుకున్నంత మాత్రాన అదంతా వసూలు చెయ్యడానికి లేదు. ఆ అంకెకి మించకుండా, న్యాయమైన పరిహారం మాత్రమే. 2019 వినియోగదారుల చట్టం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా విధించే షరతుని "అన్యాయమైన ఒప్పందం" అంటుంది. కానీ ఆ పేరుతో నేరుగా వెయ్యాలంటే రాష్ట్ర కమిషన్‌కి పోవాలి, జిల్లా కమిషన్ వినదు. 1,500 కోసం అంతదూరం వెళ్ళమని నేను చెప్పను. చెప్పని షరతు మీద డబ్బు పట్టుకున్నారు, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని జిల్లా కమిషన్‌లో వెయ్యొచ్చు. 5 లక్షల లోపు విలువైతే కోర్టు ఫీజు లేదు. మీరుండే ఊళ్ళోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ గడువుంది.

దానికన్నా ముందు 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. నా అనుభవంలో చిన్న మొత్తాలు అక్కడే తేలిపోతాయి.

గాజువాక_గిరి
లాయరు గారే కోర్టుకి వెళ్ళొద్దు అనడం ఇదే మొదటిసారి చూడటం

నల్లకోటు
ఫీజు రాదని తెలిసినప్పుడు మేమూ నిజమే చెబుతాం.

ఎంవీపీ_మాస్టారు
బిల్లు దొరికింది! పెళ్ళి ఆల్బమ్‌లో ఉంది, ఎందుకుందో నన్నడగొద్దు. ఇలా ఉంది: సెటాప్ బాక్స్ 1,500. పండగ తగ్గింపు 1,500. చెల్లించవలసినది 0. ప్యాక్ 12 నెలలు 4,200. అద్దె అనే గడి ఖాళీ. వెనకవైపు తెల్లకాగితం.

డిష్_రాజు
అయితే అది అమ్మకమే. అద్దె అయితే అద్దె గడి నింపేవారు.

సీతమ్మధార_సీత
తగ్గింపు షరతు మీద ఇచ్చామంటారు, కాచుకోండి.

నల్లకోటు
అననివ్వండి. షరతు ఎక్కడ రాసుందో, మాస్టారు ఎక్కడ ఒప్పుకున్నారో చూపించమని అడగండి. కనెక్షన్ ఇచ్చినప్పటి దరఖాస్తు ఫారం కాపీ కావాలని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే గాలికి పోతుంది.

మూడు రోజుల తర్వాత

ఎంవీపీ_మాస్టారు
ఫారం పంపారు. సంతకం లేదు. "ఓటీపీ చెప్పారు కదా సార్, అదే సంతకం" అంటున్నారు. ఫారంలో లాకిన్ ఊసు లేదు. అడుగున చిన్న అక్షరాల్లో "షరతులు వెబ్‌సైట్‌లో చూడగలరు" అని ఉంది. వెబ్‌సైట్‌లో చూశాను, అక్కడ పదమూడు స్కీములున్నాయి, నాది వాటిలో ఏదో వాళ్ళకీ తెలియదు. నోడల్ ఆఫీసర్‌కి రాశాను. సీత గారి లెక్కే పెట్టాను, 2,200 బ్యాంకు ఖాతాకి వెయ్యమని. నిజానికి గిరి గారి మాట విని 2,450 రాద్దామనుకున్నాను గానీ, 400 ధర నా కళ్ళతో నేనే చూశాక చెయ్యి రాలేదు. 1915లో కూడా నమోదు చేశాను.

ఈలోగా "రిటెన్షన్ టీమ్" అని ఒకాయన ఫోన్ చేసి, రద్దు మానుకుంటే రెండు నెలలు ఫ్రీ, పైగా కొత్త 4కే బాక్స్ అన్నాడు.

డిష్_రాజు
ముట్టుకోకండి! లెక్క మళ్ళీ మొదటి రోజుకి!!

ఎంవీపీ_మాస్టారు
అదే అడిగాను, "లాకిన్ మళ్ళీ మొదలవుతుందా" అని. ఫోన్ కట్టయింది.

కంచరపాలెం_చిన్నోడు
సిగ్నల్ లేదేమో. మేఘాలు కావచ్చు సార్.

లాసన్స్‌బే_లక్ష్మి
మా అత్తగారికి ఆ కంపెనీదే ఉంది, మీ కేసు తేలేదాకా సీరియల్ చూడనని ఒట్టు పెట్టుకుందామనుకున్నారు. రాత్రి ఏడున్నర అయ్యేసరికి మనసు మార్చుకున్నారు.

తొమ్మిది రోజుల తర్వాత

ఎంవీపీ_మాస్టారు
ఒప్పుకున్నారు. 1,500 ఎత్తేశారు. "ప్రత్యేక సందర్భంగా పరిగణించి" అట. 5 నెలలు 400 చొప్పున పట్టుకుని 2,200 బ్యాంకు ఖాతాకే వేస్తామన్నారు. ఒప్పుకుంటున్నట్టు జవాబు మెయిల్ పెడితే చాలు. నోడల్ ఆఫీసర్ మెయిలా, 1915 దెబ్బా చెప్పలేను, రెండూ ఒకే వారంలో కదిలాయి.

సీతమ్మధార_సీత
2,200. 🙂

గాజువాక_గిరి
సరే సరే ఒప్పుకున్నాం. 250కి మీ ఇంటికి కాజాలు పంపిస్తారు మాస్టారు.

ఎంవీపీ_మాస్టారు
ఆగండి, అసలు కథ ఇక్కడే ఉంది. ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ, "అయ్యో, ఆ బాక్స్ అక్కకి ఇస్తానన్నానండీ" అంది. వాళ్ళది ఎస్.కోట, సొంత డాబా, టెర్రస్‌కి తాళం లేదు. ఇంకా 7 నెలల చందా ఉంది కదా, ఊరికే పోతుందని ఎప్పుడో మాటిచ్చేసిందట. నేను ఇన్నాళ్ళూ ఫోన్లు చేస్తుంటే ఎవరితోనో పాఠాలు మాట్లాడుతున్నాననుకుందట.

నేవీ_ఇల్లాలు
నేను మొదటి వారంలోనే చెప్పాను, రద్దు వద్దు అడ్రస్ మార్చండి అని!

కంచరపాలెం_చిన్నోడు
మరిన్నాళ్ళూ దేనికి పోరాడినట్టండీ?

ఎంవీపీ_మాస్టారు
1,500కి. అది కట్టనని తేలింది కదా. మెయిల్ ఇంకా పంపలేదు. 2,200 తీసుకుంటే వదినగారితో మాట పోతుంది, తీసుకోకపోతే మీ అందరి దగ్గర పరువు పోతుంది.

సీతమ్మధార_సీత
కనెక్షన్ వదిన గారికిస్తే మీకు 350 ధరే ఉంటుంది, 7 నెలలకి విలువ 2,450. మొదట మీరడిగినదే. అందులోంచి బిగింపు డబ్బు తీసేసి చూసుకోండి.

ఎంవీపీ_మాస్టారు
రాజు గారూ, ఎస్.కోట వస్తారా? ఎంత?

డిష్_రాజు
బస్సు చార్జీతో కలిపి 600 ఇవ్వండి. ముందు డాబా మీద నిలబడి దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య ఆకాశం ఫోటో తీసి పంపమనండి. అటువైపు కొబ్బరిచెట్టు అడ్డముంటే మాత్రం 2,200 తీసేసుకోండి.

ఎంవీపీ_మాస్టారు
ఫోటో వచ్చింది. రెండు కొబ్బరిచెట్లు, ఒక సెల్ టవర్. కోడిపుంజు కూడా ఉంది.

డిష్_రాజు
పుంజు పర్లేదు. చెట్లు డాబాకి ఎంత దూరంలో ఉన్నాయి?